ఫీజు కింద పోయిన చీర

మా ఇంటి పక్కన ఒక జాగా ఉండేది. ఎడ్లబండి కూడా తిరగనంత సన్నగా, కానీ ఈ వీధి నుంచి ఆ వీధి దాకా బారుగా. చూసేవాళ్లకు అది ఉత్త మట్టి. మాకు మాత్రం మగ్గం ఎంతో అదీ అంతే. పడుగు నూలును పొడుగ్గా సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వి ఆరబెట్టాలంటే అంత బారు జాగా ఏ ఇంట్లో ఉంటుంది? మా బాపు, బాపు వాళ్ల బాపు, అందరూ ఆ పని అక్కడే చేశారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడడానికి ముందు ఏడు, గోడకు అవతలి నూలు వ్యాపారి ఆ జాగా తనదని కరీంనగర్ మున్సిఫ్ కోర్టులో దావా వేశాడు. దావా తేలేదాకా ఎవరూ అందులో పని చేయకూడదని హుకుం కూడా తెచ్చాడు. ఆ రోజు నుంచి మేము పడుగును ఊరి బయటికి మోసుకుపోయి బర్రెలు తొక్కకుండా కాపలా కాస్తూ దువ్వుకునేవాళ్లం.

మాది హుజూరాబాద్‌కు రెండు కోసుల దూరంలో ఉన్న ఊరు. అప్పటికి నేను ఏడో తరగతి పాసై ఇంట్లో ఉన్నాను. ఆ పైన చదవడానికి ఊళ్లో బడి లేదు. కరీంనగర్‌లో పంతులమ్మల ట్రైనింగు ఇస్తారని, ఏడు పాసైన ఆడపిల్లలను తీసుకుంటారని, ఉండడానికి హాస్టలు ఉందని మా బడి పంతులు బాపుకు చెప్పాడు. బాపు మర్నాడు పొద్దున మగ్గం మీదికి కొత్త పడుగు ఎక్కించాడు. చింతపిక్క రంగు చీర, పసుపు అంచు. "పట్నం బడికి పోయెటప్పుడు కట్టుకుందువు తియ్యి" అన్నాడు నా వైపు చూడకుండా. ఆ చీర నేసి, మడిచి పెట్టెలో పెట్టాడు. చీర అయింది గానీ హాస్టలుకు కట్టాల్సిన పైసలు కాలేదు. ఇంతలో దావా వచ్చి పడింది.

కోర్టుకు బాపు వెంట నేను పోవాల్సి రావడానికి కారణం ఉంది. బాపుకు చదువు రాదు. మొదటి పేషీకే ఆయన ఒక రోజు ముందు పోయి, కోర్టు మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చుని, ఎవరూ పిలవకపోతే దావా కొట్టేశారనుకుని సంతోషంగా ఇంటికి వచ్చాడు. అసలు పేషీనాడు ఇంట్లో మగ్గం మీద ఉన్నాడు. ఆ తరువాత తారీఖు రాసిచ్చే చీటీ చదవడానికి నన్ను వెంట తీసుకుపోవడం మొదలుపెట్టాడు. నాకు నలుగురిలో నోరు పెగలదు. చీటీ చదవమంటే బాపు చెవి దగ్గరికి వంగి చదివేదాన్ని.

వకీలు గారి ఇల్లు కోర్టుకు దగ్గరే. మంచివాడని, పేదలను పీడించడని పేరు. మొదటి రోజే బాపు ఉన్నమాట చెప్పేశాడు.

"పైసలు లేవు వకీలు సాబ్. నూలు గుడ వాని దగ్గరనే కొనాలె. దావ ఏసినోడే మాకు నూలు అమ్మెటోడు."

వకీలు గారు గట్టిగా నవ్వారు. "మగ్గమున్నది గదయ్యా! నాకు ధోవతులు గావాలె, ఇంట్ల ఆడోళ్లకు చీరలు గావాలె. బజార్ల కొనేటియి నీ దగ్గర కొంటున్న అనుకుంట. పేషీకి ఏదో ఒకటి తే. అదే నా ఫీజు. ఫికర్ చెయ్యకు."

ఆయన చదువంతా నిజాం కాలంలో ఉర్దూలో సాగింది. ఉర్దూ, ఇంగ్లీషు కాగితాలు గబగబా చదివేవారు. చేతిరాత తెలుగు కాగితం వస్తే మాత్రం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "బిడ్డా, గీ తెలుగుది జర సదువు" అని లోపలికి కేకవేసేవారు. అప్పుడు ఆ పిల్ల వచ్చేది.

నా ఈడుదే. హైస్కూల్లో చదువుతోంది. వచ్చి, నిలబడి, కాగితాన్ని కొంచెం దూరంగా పట్టుకుని చదివేది. ఎక్కడా ఆగేది కాదు. ఏ ఊరి కరణం రాసిన కోడిగీతల రాతైనా ఆ గొంతులోకి వచ్చేసరికి అచ్చు వేసినట్టు అయ్యేది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఆమె పాదాలకు చెప్పులుండడం, జడకు రిబ్బను ఉండడం, చదివిన కాగితం కింద పెట్టి సంతకం చేసే చోట చూపించడానికి చేతిలో సిరాకలం ఉండడం చూసేదాన్ని. లోపలి గదిలో అద్దాల బీరువా ఉంది. అందులో పుస్తకాలు. ఒక్కసారి తలుపు ఓరగా ఉన్నప్పుడు మూడు అరలు లెక్కపెట్టాను. నాలుగో అర ఉందో లేదో ఈ రోజు వరకు నాకు తెలియదు.

ఒక పేషీనాడు బాపు, వకీలు గారు కోర్టుకు పోతే నేను వాళ్ల అరుగు మీద ఒంటరిగా కూర్చున్నాను. ఆమె కిటికీలోంచి ఒక పుస్తకం చాపింది.

"ఒక్కదానివే ఏం జేస్తవ్? సదువుకో."

నేను అందుకున్నాను. అరవయ్యో పేజీ దాకా వెళ్లాను. కథలో ఒకామె ఇల్లు విడిచి బండి ఎక్కబోతోంది. అంతలో బాపు వచ్చి, "నడువు నడువు, బస్సు పోతది" అన్నాడు. పుస్తకం కిటికీలో పెట్టాను.

"ఇంటికి తీస్కపో. మల్లచ్చినప్పుడు తెద్దువు" అంది ఆమె.

"వద్దు. మా ఇంట్ల చాన ఉన్నయి" అన్నాను.

మా ఇంట్లో ఉన్నవి రెండు. నా ఏడో తరగతి వాచకం, నిరుటి పంచాంగం. ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు. ఆమె చేతి కింద నా చెయ్యి పెట్టడం నాకు ఇష్టం లేదు. తరువాతి పేషీకి పోయేసరికి ఆ పుస్తకం ఆమె స్నేహితురాలెవరో తీసుకుపోయింది. ఆ బండి ఎక్కిందో లేదో తెలియని ఆడమనిషి గురించి నెల రోజులు ఆలోచించాను. ఆ స్నేహితురాలి మీద కూడా కుళ్లుకున్నాను. ఆమె ముఖం కూడా నేను చూడలేదు.

ఇవన్నీ ఓర్చుకునేదాన్నేమో. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. ఒక రోజు తిరుగు బస్సులో బాపు తనలో తాను నవ్వుకుంటూ అన్నాడు.

"ఆ పిల్ల సదువుతుంటే ఇనాలనిపిస్తది గదనే. బిందెల నీళ్లు పోసినట్టు సదువుతది."

"నేను గుడ సదువుత గదా బాపు."

"సదువుతవ్. నీది నీ నోట్లనే ఉంటది. బయటికొస్తే గదా ఎవలకన్న ఇనచ్చేది."

బాపు తిట్టలేదు. నిజమే చెప్పాడు. నేను కిటికీ వైపు తిరిగి హుజూరాబాద్ వచ్చేదాకా తల తిప్పలేదు.

నాకు డైరీ రాసే అలవాటు ఉంది. ఏడో తరగతి నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాలను బాపు మగ్గం నూలుతోనే కుట్టుకుని చేసుకున్న పుస్తకం. ప్రతి పేషీ తరువాత అందులో రాసేదాన్ని, ఏ రోజు వాళ్లింటికి ఏ బట్ట పోయిందో. ధోవతుల జత, ఎర్రంచు. తువ్వాళ్లు నాలుగు, నీలం గళ్లు. బాపు ఎన్ని రోజులు నేసింది, అంగట్లో అయితే ఎంతకు పోయేది. ఏదో లెక్క పనికొస్తుందని రాయలేదు. మా ఇంట్లోంచి పోయిన ప్రతి పోగూ ఆ ఇంట్లో వాళ్లకు అందం తెస్తోందన్న కుళ్లుతో రాశాను. బట్ట పేరు ఒక వరుస అయితే ఆ పిల్ల గురించి అయిదు వరుసలు. దాని నడక, దాని నవ్వు, చదివేటప్పుడు కనుబొమలు ఎత్తడం. ఒక పేజీలో, ఆమెకు ఒక్కరోజైనా గొంతు పోవాలని కూడా రాశాను.

రెండో ఏడు వర్షాకాలంలో ఒక పేషీకి మా దగ్గర ఏ బట్టా లేదు. వ్యాపారి నూలు అప్పు ఆపేశాడు. మగ్గం ఖాళీగా ఉంది. వట్టి చేతులతో వకీలు ముందు నిలబడడం బాపు వల్ల కాదు. పెట్టె తెరిచి ఆ చీర తీశాడు.

"మల్ల నేస్త బిడ్డా. ఇంతకన్న మంచిది నేస్త" అన్నాడు.

నేను తల ఊపాను.

వాళ్లింట్లో వకీలు గారి భార్య ఆ చీర అందుకుని, "అబ్బ, రంగు సూడు" అని కూతురిని పిలిచింది. ఆమె మడత విప్పి ఒక కొసను భుజం మీద వేసుకుంది. లోపల గోడకున్న అద్దం దాకా పోయి చూసుకుంది. తిరిగి వచ్చి, "చాన మంచిగున్నది బాపూ" అంది మా బాపుతో. మా బాపును బాపు అంది! ఆ ముసలాయన ముఖం విప్పారింది. "నీకే బిడ్డా, కట్టుకో" అన్నాడు.

ఆ సాయంత్రం డైరీలో రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "ఇయ్యాల ఫీజు కింద నా చీర పోయింది. చింతపిక్క రంగు, పసుపు అంచు. అది బుజం మీద ఏసుకుని అద్దం ముందట నిలవడ్డది. దానికి నప్పలేదని రాయాలని కలం పట్టుకున్న. నప్పింది. నాకన్న ఎక్కువ నప్పింది. నా బాపు గుడ దానికే నప్పిండు."

దావా ఎలా ముగిసిందంటే, ఎవరూ అనుకోని విధంగా. వ్యాపారి అల్లుడు లక్సెట్టిపేటలో బియ్యం మిల్లు పెట్టాడు. మామను అక్కడికి పిలిచాడు. వ్యాపారి ఇల్లు అమ్ముకుని కాపురం ఎత్తేయడానికి సిద్ధమయ్యాడు. ఈ ఊళ్లోనే ఉండనప్పుడు మా పక్క జాగా ఆయనకు ఎందుకు? సాక్షులను విచారించాల్సిన రోజు ఆయన వకీలు లేచి, మా వాది ఈ దావాను వదులుకుంటున్నాడని ఒక కాగితం మున్సిఫ్ గారి ముందు పెట్టాడు. అంతే. రెండేళ్ల దావా అన్నం వార్చినంత సేపట్లో లేకుండా పోయింది.

బయట మెట్ల మీద వ్యాపారి బాపును చూసి, "ఇగ నీ జాగ నువ్వే ఏలుకోవయ్యా, ఇచ్చిన పో" అన్నాడు.

"నాదాన్ని నాకిచ్చుడేంది సావుకారీ? నీది ఏదన్న ఉంటే ఇయ్యి" అన్నాడు బాపు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వ్యాపారి గొడుగు తెరుచుకుని వెళ్లిపోయాడు.

బాపు వకీలు గారి దగ్గరికి పరుగెత్తాడు. "గెలిచినమా సాబ్?"

"గెలుసుడు గాదు. వాడే ఇడిసిపెట్టిండు. మున్సిఫ్ సాబ్ నీ దిక్కు ఫైసలా ఇయ్యలే, వాని దిక్కు ఇయ్యలే."

"అయితే ఈ రెండేండ్ల తిప్పల సంగతేంది?"

"గదే చెప్పవడ్తి. దావ ఏసుడు వాని ఇష్టం, ఇడిసిపెట్టుడు వాని ఇష్టం. కానీ ఇడిసిపెట్టి సప్పుడు లేకుంట పోతనంటే నడవది. నిన్ను కోర్టుకు గుంజింది వాడు గాబట్టి నీకైన ఖర్సు వాడు కట్టుకోవాలె. నేను అడిగిన, వచ్చే వారం పేషీ ఇచ్చిండు. స్టాంపులు, సాక్షుల బత్తా కాగితాల మీదనే ఉన్నయి. పెద్దది నా ఫీజు. అది నాకు ముట్టిందని నేను సర్టిఫికెట్ రాసియ్యాలె."

"రాయుండ్రి సాబ్."

"ఏం రాయాలె? పైసలైతే నా బుక్కుల ఉంటుండె. నువ్వు బట్టలిస్తివి. ఇంట్ల ఆడోళ్లు తీసుకున్నరు, కట్టుకున్నరు. ఎన్నొచ్చినయో నాకేం యాది? ముట్టనిది ముట్టిందని నేను రాయ. అవతలి వకీలు మామూలోడు గాదు, ఏ రోజు ఏ బట్ట అని అడుగుతడు. రాతల ఉన్నదాన్నే రాస్త."

బాపు ముఖం వాడిపోయింది. ఆయన నా వైపు చూశాడు. నాకు ఎందుకో అర్థమైంది. పొద్దున బస్సులో ఆయన అన్న మాట అది. దావా ఖర్చు ఎప్పుడన్న చేతికొస్తే ఆ పైసలు హాస్టలుకే, జూన్‌లో ట్రైనింగుకు తోలిస్తా అన్నాడు. ఇప్పుడు ఆ ఖర్చు రాతలో ఉంటేనే వస్తుంది. నేను బడికి పోవడం ఆ రాత మీద ఉంది.

ఉన్నట్టుండి బాపు వెలిగిపోయాడు. "రాత ఉన్నది సాబ్! మా పిల్ల దినాం రాసుకుంటది. ఏ పేషీకి ఏం తెచ్చినమో మొత్తం ఆ పుస్తకంల ఉంటది. నేను పక్కకు కూసుంటే రాసుకుంట మగ్గం దిక్కు సూస్తది, అడిగితే బట్ట సంగతే అన్నది."

బాపు నా రాతను నలుగురిలో మెచ్చుకోవడం అదే మొదటిసారి. నేను అంతకాలం దానికోసం ఎదురుచూశాను. అది ఇలా వచ్చింది.

"అవునా అమ్మా?" అన్నారు వకీలు గారు.

"అవును" అన్నాను. ఆ ఒక్క మాట గట్టిగానే వచ్చింది. ఆ వెంటనే, "నకలు రాసి తెస్త" అన్నాను.

"నకలు పనికిరాదు. అసలు పుస్తకమే తేవాలె. కొట్టేసినయి, చింపినయి ఏం ఉండొద్దు. ఉంటే ఎవ్వడు నమ్మడు."

ఆ వారం నేను తిండి సరిగా తినలేదు. పుస్తకం తెరిచేదాన్ని, మూసేదాన్ని. బట్ట పేరు ఉన్న ప్రతి పేజీలోనూ ఆ పిల్ల ఉంది. కొన్నిచోట్ల ఒకే వాక్యంలో ఇద్దరూ ఉన్నారు. ఒక పేజీ మీద గంజి ఒలికినట్టు చేద్దామా అని చూశాను. సిరా అలుక్కుపోయి ఇంకా అనుమానంగా ఉంటుందని మానుకున్నాను.

అవ్వ, అంటే మా అమ్మ, కనిపెట్టింది. "పుస్తకంల ఏం రాసినవే, గంత పరేషాన్ అయితున్నవ్? నన్ను దిట్టినవా?"

"లే అవ్వ."

"మీ బాపును?"

"లే."

"దొంగతనం జేసినవా?"

"అవ్వా!"

"మరేంది? తీస్కపోయి పారెయ్యి ఆ వకీలు ముంగట. నీ బడి సంగతి తేలుతది."

నాకున్న ఒకే ధైర్యం వకీలు గారికి తెలుగు చేతిరాత రాదన్నది. ఆ ధైర్యం పక్కనే ఏ ప్రమాదం ఉందో బస్సు దిగి వాళ్లింటి గడప ఎక్కేదాకా తట్టలేదు. ఇన్నిసార్లు చూసిన దాన్నే ఎలా మరిచిపోయానో! వకీలు గారు పుస్తకం అందుకున్నారు. రెండు కాగితాలు తిప్పారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"బిడ్డా, గీ తెలుగుది జర సదువు."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసి నవ్వింది. పుస్తకం తీసుకుని కుర్చీలో కూర్చుని, బట్టల పేజీలకు నేను పెట్టిన గుర్తుల్లో మొదటి చోట తెరిచింది. వకీలు గారు పెన్సిలు పట్టుకుని కాగితం దగ్గరికి లాక్కున్నారు. బాపు నేల మీద కూర్చుని చెవి ఒగ్గాడు.

"రెండో పేషీ. ధోవతుల జత ఒకటి, ఎర్రంచు. బాపు ఆరు రోజులు నేసిండు" అని చదివింది.

ఆ కింద ఏముందో నాకు తెలుసు. అది చెప్పులు టపటప కొట్టుకుంటూ నడుస్తుందని, అందరూ తన వైపు చూడాలని అలా నడుస్తుందని ఉంది. ఆమె కళ్లు ఆ వరుసల మీదికి పోయాయి. నేను ఆమె ముఖం చూడలేక కిందికి చూశాను. చెప్పులేసుకున్న రెండు పాదాలు మెల్లగా కుర్చీ కిందికి జరిగాయి.

"ఇంకేమున్నదిరా?" అన్నారు వకీలు గారు.

"గంతే ఉన్నది" అని పేజీ తిప్పింది. "మూడో పేషీ. తువ్వాళ్లు నాలుగు, నీలం గళ్లయి."

తరువాతి పేజీ. ఆ తరువాతి పేజీ. ఎక్కడా తడబడలేదు. ఒక బట్ట దగ్గర చదవడం మొదలుపెట్టి, నా విషం మొత్తం మీదుగా దాటి, ఇంకో బట్ట దగ్గర దిగేది. నా వాక్యాలను మధ్యలో కోసి రెండు కొసలను అప్పటికప్పుడు ముడివేసి చదివేది. వినేవాళ్లకు ఒక్క చోట కూడా ముడి తగిలేది కాదు. గొంతు పోవాలని రాసిన పేజీ కూడా అదే గొంతుతో దాటింది. సిగ్గుతో చచ్చిపోతూ కూడా నేను అనుకున్నది ఒకటే. ఇంత బాగా నేను ఎన్నటికీ చదవలేను.

వర్షాకాలం పేషీ పేజీ వచ్చింది. ఆమె ఆగింది. మొదటిసారి ఆగింది. ఆ పేజీలో బట్టను, నన్ను, ఆమెను, బాపును విడదీసి చదవడం ఎవరి వల్లా కాదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కాగితాన్ని మెల్లగా తిప్పి, "దసరా ముందటి పేషీ. ధోవతి ఒకటి" అని చదివింది.

"ఒక చీర గుడ ఉండె గదా?" అన్నాడు బాపు. "వానల్ల. చింతపిక్క రంగుది."

వకీలు గారు పెన్సిలు ఎత్తారు. "పుస్తకంల ఉన్నదా బిడ్డా?"

ఆమె ఉందనలేదు, లేదనలేదు. పేజీలో వేలు పెట్టుకునే ఉంది. తల ఎత్తి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి లేదు. ఏమీ లేదు. నువ్వే చెప్పు అన్నట్టు ఉంది. వకీలు గారు నా వైపు తిరిగారు. బాపు తిరిగాడు.

"రాసినవా బిడ్డా?" అన్నాడు బాపు.

చీర ధర చిన్నది కాదు. మిగతా బట్టలన్నీ ఒక ఎత్తు, అది ఒక్కటే ఒక ఎత్తు. అది కలిస్తే జూన్‌లో హాస్టలు. ఉంది అంటే చదవాలి. చదివితే బాపు వింటాడు. నా బాపు దానికే నప్పిండు అన్న మాట, ఆ గొంతులోంచి, ఆయన చెవికి.

"రాయలే బాపు" అన్నాను.

"యాది మరిచినవా?"

"ఆ రోజు జరం వచ్చినట్టుండె. రాయలే."

"రాతల లేనిది నేను పెట్టనయ్యా" అన్నారు వకీలు గారు విచారంగా. "మా ఇంట్లోళ్లను అడిగి రాసినా అవతలోడు ఊకోడు."

బాపు ఒక్క క్షణం నేల చూశాడు. తరువాత చెయ్యి విదిలించి ఆమె వైపు తిరిగి నవ్వాడు. "పోనియ్యుండ్రి. చీర లెక్కల కెందుకు? బిడ్డకు బట్టలు పెట్టిన అనుకుంట."

బిడ్డ! అంత అవమానంలోనూ ఆ మాట నన్ను కరిచింది. ఆమె పుస్తకం మూసి రెండు చేతులతో నాకు ఇచ్చింది. లోపలికి వెళ్లింది. చెప్పుల చప్పుడు రాలేదు.

కోర్టులో ఎంతో జరుగుతుందనుకుంటే ఏమీ జరగలేదు. వకీలు గారు సర్టిఫికెట్ ఇచ్చారు. "ఇది మీకు అందినదేనా?" అని మున్సిఫ్ గారు అడిగారు. "అందినదే" అన్నారు వకీలు గారు. అవతలి వకీలు బట్టను ఫీజు అనడం ఎక్కడా వినలేదని కొంచెం గొణిగాడు. మగ్గం మీద బతికేవాళ్లు మగ్గం మీదిదే ఇస్తారని మున్సిఫ్ గారు అన్నారు. వాది ప్రతివాదికి ఖర్చులు ఇచ్చుకోవాలని రాశారు. ఊరు విడిచే తొందరలో ఉన్న వ్యాపారి అక్కడికక్కడే కట్టేశాడు. నా పుస్తకం ఎవరూ అడగలేదు. సంచిలో నా ఒళ్లో ఉండిపోయింది. ఆ పుస్తకాన్ని తెరవాలని వాళ్లకు తట్టలేదు. తెరిచి చదవాల్సిన ఒక్క మనిషి అప్పటికే చదివేసింది.

తిరుగు బస్సులో బాపు హుషారుగా ఉన్నాడు. చేతికొచ్చిన పైసలను వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. రెండోసారి చూసుకున్నాడు. హాస్టలుకు కావలసిన దానిలో సగం దాటలేదు. మూడోసారి చూడలేదు.

"జాగ వచ్చింది. పడుగు పరుసుదామంటే నూలు లేదు" అన్నాడు. "ఇవి నూలుకు పెడత. వచ్చే ఏడు పోదువు తియ్యి."

"సరే బాపు."

"కోపమచ్చిందా?"

"లే."

"నీకు ఏదున్నా ఎవలకు తెలుస్తది? అన్నీ పుస్తకంల పెట్టుకుంటవ్" అన్నాడు నవ్వుతూ. ఇంటికి వచ్చేదాకా ఆ నవ్వు ఆయన ముఖం మీద ఉంది. నేనే ఆ చీరను రాయలేదన్నానని, ఆయన మరిచిపోకుండా యాది చేసిన మాటను నేనే అబద్ధం చేశానని ఆయనకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఆ జూన్‌లో మా జాగాలో పడుగు పరిచాం. రెండేళ్ల తరువాత బాపు తన మట్టి మీద నడుస్తూ కుంచె తిప్పాడు. నేను ఇంకో కొస పట్టుకున్నాను. కరీంనగర్‌లో ట్రైనింగు క్లాసులు ఆ వారమే మొదలయ్యాయని పంతులు చెప్పి పోయాడు. తెగిన పోగులు ముడివేస్తూ ఉంటే నాకు పదే పదే ఒకటే ప్రశ్న. ఆమె ఆ పేజీ ఎందుకు తిప్పేసింది? నా పరువు కాపాడదామనా? చదివితే చీర ఫీజు అయిపోతుందని, ఒక ఆడపిల్ల పెట్టెలోంచి వచ్చిందని అందరికీ తెలుస్తుందని, దాన్ని కట్టుకోవడం ఇబ్బంది అవుతుందనా? చీర మీద ఆశతోనే అయి ఉండాలని నేను ఎంత కోరుకున్నానో చెప్పలేను. అలా అయితే ఆమె కూడా నాలాంటిదే. మొదటిదే నిజమైతే ఆమెకు ఉన్నవాటిలో ఇంకొకటి చేరింది, అది కూడా నా దగ్గర లేదు.

మరుసటి ఏడు పోయాను. ట్రైనింగు అయింది. ఇప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో పంతులమ్మను. పిల్లలకు గట్టిగా చదివి వినిపించాలి కాబట్టి నా గొంతు కూడా కొంచెం బయటికి వచ్చింది. వకీలు గారి కుటుంబం హైదరాబాద్ వెళ్లిపోయిందని విన్నాను. ఆ పిల్ల ఏమైందో అడగలేదు. బాగానే ఉండి ఉంటుంది, అది వినడం నాకు ఇష్టం లేదు.

మా పంచాయతీ సమితి ఆఫీసులో ఏటా పంతుళ్ల సీనియారిటీ లిస్టు గోడకు అంటిస్తారు. ఎవరిని ఊరికి దగ్గరికి వేస్తారో, ఎవరు ఈ అడవి అంచునే ఉంటారో ఆ వరుసను బట్టే. సరిగ్గా నాకంటే ఒక్క ఏడు ముందు ట్రైనింగు అయినవాళ్లు అందులో నా పైన ఉంటారు. వాళ్లలో ఇద్దరికి ఈసారి కరీంనగర్ వైపు బదిలీ దొరికింది. అందులో ఒకామె నాకు స్వీటు పెట్టింది. తీసుకున్నాను, మంచిమాటలు చెప్పాను. ఇంటికి వచ్చి పుస్తకం తెరిచి ఆమె గురించి రెండు పేజీలు రాశాను. ఒక్కటి కూడా మంచి మాట లేదు. ఆమె నాకు ఏ అన్యాయమూ చేయలేదు. ఒక జూన్‌లో నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆమె బడికి పోయింది, అంతే.